పాలు పట్టించే సాయానికి బీమా డబ్బు వస్తుందా? విశాఖలో కాబోయే తల్లి ఏది ఎంచుకోవాలి

మా పిన్ని కూతురు గాజువాకలో ఉంటుంది. ఇప్పుడు ఐదో నెల. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, ఒక ఏజెంటు మెటర్నిటీ కవర్ ఉన్న పాలసీ పట్టుకొచ్చాడు. కాన్పు ఖర్చే కాదు, పాలు పట్టడం నేర్పించేవాళ్ళ ఫీజు కూడా వస్తుందంటున్నాడు. తీసుకోమంటావా?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం గంట పట్టింది. ఇదే సందేహం ఇంకా చాలామందికి ఉంటుందని ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా బిల్లు సంగతి చెప్పాలి. 2023లో మా చిన్నవాడు ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టాడు. ఆపరేషన్. నాకు ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంది కాబట్టి క్యాష్‌లెస్‌లోనే (బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టే పద్ధతిలో) చేరాను. డిశ్చార్జి రోజు బిల్లు చివరి పేజీలో మూడు వరసలు కనిపించాయి. లాక్టేషన్ కౌన్సెలింగ్, అంటే పాలు పట్టడం నేర్పించడం, రెండు విజిట్లు 1,600. బేబీ కిట్ 1,450. బ్రెస్ట్ పంప్ 2,100. మూడింటికీ బీమా కంపెనీ ఇచ్చింది సున్నా. ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చున్న అబ్బాయి పెన్నుతో చూపిస్తూ, "మేడమ్, మొదటావిడ డాక్టరు కాదండి. మిగతా రెండూ నాన్ మెడికల్‌లోకి వెళ్తాయి" అన్నాడు. కుట్ల నొప్పితో నిలబడి వాదించే ఓపిక ఎక్కడిది? 5,150 కట్టేసి ఇంటికొచ్చాం.

ఆరో రోజుకి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. చలి, జ్వరం. వాడు నోరు పెడతాడు, పట్టు దొరక్క ఏడుస్తాడు. అమ్మ వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడుతూనే ఉంది. మర్నాడు కాన్పు చేసిన డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాం. ఆవిడ మందు రాసి, పక్కనే కూర్చుని, వాడు నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళేట్టు పట్టించారు. ఆసుపత్రిలో కౌన్సెలర్ చెప్పింది కూడా ఇదే. కానీ డాక్టరు గారి చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. ఆ 700 రూపాయల ఫీజు పోస్ట్ నాటల్ (కాన్పు తర్వాతి ఖర్చుల) పరిమితి కింద నాకు తిరిగి వచ్చింది.

మన పాలసీల తీరు అంతా ఈ రెండు బిల్లుల్లోనే ఉంది. వాటి నిర్వచనాల పేజీలో మెడికల్ ప్రాక్టీషనర్ అనే మాట ఉంటుంది. అంటే మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరు అని. లాక్టేషన్ కన్సల్టెంటుకు ఎంత మంచి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉన్నా, డాక్టరు కూడా అయితే తప్ప ఆ నిర్వచనంలోకి రారు. అందుకని పాలసీ కాగితాల్లో "లాక్టేషన్" అనే మాట కోసం వెతికి లాభం లేదు. ఆ సాయం ఎవరి సంతకంతో, ఏ బిల్లులో వస్తుందో చూడాలి.

అమెరికాలో ఉన్న మా వదినకు ఇన్సూరెన్స్ వాళ్ళే పంపు ఇంటికి పంపారు, కౌన్సెలర్ ఫీజు పైసా తీసుకోలేదు. అక్కడ 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం కింద, 2012 ఆగస్టు నుంచి చాలా ప్లాన్లు అలా ఇచ్చి తీరాలి. ఇక్కడ అలాంటి నియమం లేదు. విశాఖలో సగం ఇళ్ళకు అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి ఈ పోలిక ప్రతి సీమంతంలోనూ వినిపిస్తుంది. ఏజెంట్లకూ ఈ సంగతి బాగా తెలుసు.

ఖర్చు ఎక్కడెక్కడ వస్తుంది

పంపు గురించి ఎక్కువ ఆలోచించకండి. చేతి పంపు వెయ్యి, రెండు వేలలో వస్తుంది. కరెంటుది కావాలంటే ఇంకాస్త పెట్టాలి. దాని కోసం పాలసీ మార్చుకునేంత సొమ్ము కాదు. బేబీ ఫుడ్, బేబీ సామాన్ల ఛార్జీలు అయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన "చెల్లించని వస్తువుల" జాబితాలో మొదట్లోనే ఉన్నాయి. అన్నట్టు, ఆసుపత్రి ఇచ్చే కిట్‌లో డబ్బా పాల నమూనా గానీ కనిపిస్తే తీసుకోకండి. అలా పంచడాన్ని 1992లో వచ్చిన చట్టమే నిషేధించింది.

వార్డులో ఉన్న మూడు నాలుగు రోజులు నర్సు పక్కన నిలబడి పట్టిస్తే అది నర్సింగ్ ఛార్జీల్లోనే కలిసిపోతుంది. విడిగా లాక్టేషన్ అని రాస్తేనే కోత పడుతుంది. డిశ్చార్జికి ముందే బిల్లింగ్ వాళ్ళను "ఇది విడిగా వేస్తారా, ప్యాకేజీలో ఉందా?" అని అడగండి. నేను అడగలేదు.

అసలు పెద్ద ఖర్చులు రెండున్నాయి. ఒకటి తల్లి వైపు. పాలు గడ్డకట్టి, వాపు వచ్చి, చీము పట్టి, చివరికి కోసి తీయాల్సిన పరిస్థితి. ఇది ఆసుపత్రిలో చేరే చికిత్సే కాబట్టి మామూలు ఆరోగ్య పాలసీ ఇవ్వాలి కదా అనిపిస్తుంది. కానీ ప్రామాణిక మినహాయింపుల్లో 18వ నంబరు ప్రసూతి. "ప్రసవంతో ముడిపడిన చికిత్స ఖర్చులు" ఇవ్వం అని అందులో ఉంటుంది. మెటర్నిటీ కవర్ లేని పాలసీలో చీముగడ్డ క్లెయిమ్ పెడితే, ఇది ప్రసవంతో ముడిపడినదే అని కంపెనీ తిప్పి పంపే వీలుంది. కాదు, ఇది ఇన్ఫెక్షన్ అని మీరు వాదించవచ్చు. ఆ వాదన ముందే మెయిల్‌లో తేల్చుకుని ఉంటే మేలు.

రెండోది బిడ్డ వైపు. దీని గురించి ఎవరూ చెప్పరు. పాలు సరిగ్గా పట్టకపోతే బిడ్డ బరువు తగ్గుతుంది, పసిరికలు (కామెర్లు) ముదురుతాయి, ఫొటోథెరపీ లైట్ల కింద పెట్టడానికి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాలి. కౌన్సెలర్ ఫీజు కంటే ఆ బిల్లు చాలా పెద్దది. అది తల్లి మెటర్నిటీ పరిమితిలోంచి పోతుందా, బిడ్డకు మొదటి రోజు నుంచే ఉన్న కవర్‌లోంచి వస్తుందా అన్నదే పాలసీలు పోల్చేటప్పుడు నేను మొట్టమొదట చూసే సంగతి. బిడ్డ నాలుక కింద పొర అంటుకుపోయి పాలు పట్టలేకపోతే చిన్న కోత పెడతారు. అది పుట్టుకతో వచ్చే లోపం కిందికి వస్తుంది కాబట్టి, అలాంటివి ఇస్తారో లేదో కూడా దాంతోపాటే చదవండి.

ఇప్పటికే గర్భంతో ఉంటే

మా చెల్లెలి పరిస్థితి ఇదే. సొంతంగా కొనే పాలసీల్లో మెటర్నిటీకి వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్నాక కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం ఉంటుంది. మామూలుగా రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళు. ప్రీమియం ఎక్కువ కట్టించుకుని తొమ్మిది నెలలకో ఏడాదికో ఇచ్చేవీ కొన్ని ఉన్నాయి. ఐదో నెలలో కొంటే ఏదీ ఈ కాన్పుకు పనికిరాదు. ఏజెంటు ఆ ముక్క చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు లెండి, కవర్ ఉన్న మాట నిజమే.

కాబట్టి ఇప్పుడు చేతిలో ఏమున్నాయో చూసుకోవాలి. ఆమెకు పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో 19 వేల జీతం, అందులోంచి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చందా కట్ అవుతుంది. మరిదికి రుషికొండలో ఐటీ కంపెనీలో ఉద్యోగం, గ్రూప్ పాలసీలో భార్య పేరుంది. అంటే చేతిలో రెండు ఉండగా మూడోది కొనబోతోంది.

గ్రూప్ పాలసీ గొప్పతనం ఏమిటంటే చాలా కంపెనీల్లో మెటర్నిటీకి ఎదురుచూపు ఉండదు. చేరిన మొదటి నెల నుంచే వర్తిస్తుంది. లోపం ఏమిటంటే మెటర్నిటీకి విడిగా పరిమితి పెడతారు. ఐదు లక్షల పాలసీ అని మురిసిపోయినా కాన్పు దగ్గర యాభై వేలో, డెబ్బై ఐదు వేలో అంటారు. ఆపరేషన్ అయితే ఆ డబ్బు ఆసుపత్రి బిల్లుకే సరిపోదు. ఇంటికొచ్చాక డాక్టరుకు కట్టే ఫీజులకు మిగిలేదేమీ ఉండదు. అందుకే ప్రీ పోస్ట్ నాటల్ (కాన్పుకు ముందూ తర్వాతా అయ్యే) ఖర్చులు మెటర్నిటీ పరిమితి లోపలా, బయటా అని అడగాలి. లోపల అంటే కాగితం మీద ఉన్నట్టే, చేతికి రానట్టే.

హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయకండి, మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అందరూ "అంతా కవర్ అవుతుంది మేడమ్" అనే అంటారు. మరిది చేత నేను రాయించిన మెయిల్‌లో నాలుగే ప్రశ్నలు. డిశ్చార్జి తర్వాత తల్లికి అయ్యే డాక్టరు ఫీజులు ఎన్ని రోజుల వరకు ఇస్తారు, ఆ డబ్బు ఏ పరిమితిలోంచి? రొమ్ములో చీము పట్టి చేరితే అది మెటర్నిటీ పరిమితిలోకి వస్తుందా, మొత్తం పాలసీలోంచి ఇస్తారా? బిడ్డకు మొదటి రోజు నుంచి కవర్ ఉందా, పేరు ఎన్ని రోజుల లోపు చేర్చాలి? ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే) సదుపాయం ఉంటే అందులో పాలు పట్టే సలహాకు డాక్టరు బిల్లు చెల్లుతుందా? రెండు రోజుల్లో జవాబు వచ్చింది. చీముగడ్డ గురించిన ప్రశ్నకు మాత్రం టీపీఏను (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థను) అడిగి చెప్తామని ఇంకో నాలుగు రోజులు తీసుకున్నారు. దాన్నిబట్టే అర్థమైంది, ఇదివరకు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదని.

భార్యాభర్తలిద్దరికీ గ్రూప్ పాలసీ ఉంటే ఒకదాని పరిమితి అయిపోయాక మిగిలింది రెండోదాంట్లో అడగవచ్చు. మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటరు, బిల్లుల కాపీలు దాచుకోండి.

ఈఎస్‌ఐని తక్కువగా చూడొద్దు

నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీల్లో, పరవాడ ఫార్మా యూనిట్లలో పనిచేసే ఆడపిల్లల్లో చాలామంది చేతిలో ఉన్నది ఇదే. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి పేరెత్తితే చాలు, "అక్కడికి ఎవరు వెళ్తారక్కా" అంటారు. ఎక్కడ కనాలన్నది మీ ఇష్టం. కానీ ఈఎస్‌ఐలో విలువైనది ఆసుపత్రి మంచం కాదు, 26 వారాల జీతం.

బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలే. ఏ పాలసీలోని ఏ కౌన్సెలింగ్ కంటే కూడా తల్లి ఇంట్లో బిడ్డ పక్కన ఉండటమే పాలు నిలబెడుతుంది. మొదటి ఇద్దరు బిడ్డలకు ఆ 26 వారాలూ సగటు వేతనం పూర్తిగా ఇస్తారు. దీనికి ముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఆరేసి నెలల చందా కాలాల్లో) కలిపి 70 రోజులు చందా పడి ఉండాలి. ప్రసవం వల్ల జబ్బు చేస్తే, డాక్టరు సర్టిఫికెట్ మీద మరో నెల వరకు పొడిగింపు కూడా ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 26 వారాల్లో కాన్పుకు ముందు గరిష్ఠంగా ఎనిమిది వారాలు వాడుకోవచ్చు. వాడుకోవాలని మాత్రం లేదు. ఒంట్లో బాగుంటే, డాక్టరు సరేనంటే, ముందు రెండు మూడు వారాలే తీసుకుని మిగతావి వెనక్కి దాచుకోండి. ఎనిమిది వారాలూ ముందే వాడేస్తే బిడ్డకు నాలుగు నెలలు నిండీ నిండకుండానే పనిలోకి వెళ్ళాలి. పాలు తగ్గిపోయాయని ఏడ్చేవాళ్ళలో ఈ లెక్క దగ్గర దెబ్బతిన్నవాళ్ళను నేను చూశాను.

ఈఎస్‌ఐ ఉండి కూడా ప్రైవేటులో ప్రసవించినంత మాత్రాన ఆ జీతం హక్కు పోదు. కాగితాలు మాత్రం డిస్పెన్సరీ ద్వారా ముందు నుంచే నడిపించుకోవాలి. మా చెల్లెలికి నేను చెప్పింది అదే. కాన్పు మరిది గ్రూప్ పాలసీలో, సెలవు జీతం ఈఎస్‌ఐలో.

తిరిగి పనిలో చేరాక బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలి. ఇవి ఇన్సూరెన్స్ ఇచ్చేవి కాదు, చట్టం ఇచ్చినవి. ఆ గది ఎక్కడుందో సెలవు మీద వెళ్ళకముందే సూపర్‌వైజర్ని అడిగి, కళ్ళతో చూసి రండి.

ప్రీమియం లేని దారి

విశాఖలో ఘోషాసుపత్రి, కేజీహెచ్ అనే ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. 2011 నుంచి అమలవుతున్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం ఉచితం. బిడ్డకు ఏడాది వచ్చేదాకా జబ్బు చేస్తే చికిత్స ఉచితమే. ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ దింపుతుంది. రద్దీ ఉంటుంది. ఏసీ గది, ప్రైవసీ కావాలనుకునేవాళ్ళకు అది సరిపడదు, దాచేదేముంది?

కానీ ఇంకొక సంగతి ప్రైవేటులో కన్నవాళ్ళకీ పనికొస్తుంది. ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి ఇంటికి ఆశ కార్యకర్త ఆరుసార్లు రావాలి. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డను తూస్తుంది, ఒళ్ళు వెచ్చగా ఉందో చూస్తుంది, పాలు పట్టడం చూసి సరిచేస్తుంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నావిడ వస్తే ఏ సర్టిఫికెట్టూ ఆవిడకు సాటి రాదు. నేను కన్న రోజుల్లో మా వాచ్‌మన్ కోడలూ బాలింతే. ఆశ వచ్చి కింద వాళ్ళ పాపను తూచి వెళ్ళేది. మూడో అంతస్తులో నేను జ్వరంతో పడుకుని ఉన్నాను. అపార్ట్‌మెంట్ల వాళ్ళు తలుపు తీయరని ఆవిడ రాలేదు, పిలవవచ్చని తెలియక నేను పిలవలేదు. ఏడో నెలలోనే వార్డు సచివాలయంలో హెల్త్ సెక్రటరీకి పేరు ఇచ్చి రండి.

నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంటు కుటుంబాలకు సొంత ఆసుపత్రులు ఉన్నాయి కాబట్టి ఈ బిల్లుల గొడవ వాళ్ళకు పెద్దగా లేదు. వాళ్ళు అడగాల్సింది ఒక్కటే, రాత్రి డ్యూటీలో పట్టించేవాళ్ళు ఎవరున్నారని.

కొత్తగా పెళ్ళయినవాళ్ళు

మీకు టైముంది. రెండు మూడేళ్ళు ఆగి కనాలనుకుంటే, గ్రూప్ పాలసీ లేకపోతే, అప్పుడు మెటర్నిటీ ఉన్న సొంత పాలసీ గురించి ఆలోచించవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం కాస్త తేలికైంది. అయినా లెక్క వేయండి. మెటర్నిటీ కోసం అదనంగా కట్టేది మూడేళ్ళకు ఎంతవుతుంది, కాన్పుకు వాళ్ళిచ్చే పరిమితి ఎంత? రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మీ డబ్బే మీకు తిరిగిస్తున్నారు. బిడ్డకు మొదటి రోజు కవర్ గట్టిగా ఉంటేనే దాన్ని తీసుకోమంటాను.

పాలసీకి అదనంగా కట్టి తీసుకునే ఓపీడీ రైడర్ గురించి నాకు అంత నమ్మకం లేదు. చాలావాటిలో యాప్‌లో వీడియో కాల్ డాక్టరు ఉంటారు. ఏడుస్తున్న బిడ్డను ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని పాలు పట్టి చూపించడం ఎలా ఉంటుందో ఆ యాప్ చేసినవాళ్ళకు తెలియదు.

ఏ పాలసీ తీసుకున్నా కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని రెండు మూడు పేజీల కాగితం ఇస్తారు. తెలుగులో అడిగే హక్కు మీకుంది. చదివాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి రాయాలి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్ లేదా 155255 నంబరు, అదీ కాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి). 1,600 కోసం నేను అంత దూరం వెళ్ళలేదు. చీముగడ్డ బిల్లో, బిడ్డ బిల్లో అయితే తప్పకుండా వెళ్ళేదాన్ని.

చివరికి మా చెల్లెలు ఏజెంటుకు కట్టబోయిన ప్రీమియాన్ని విడిగా బ్యాంకులో వేసుకుంది. పిన్ని అప్పుడే పూర్ణా మార్కెట్‌లో పాలసొర చేప ఎవరు తెస్తారో వాకబు చేస్తోంది. బాలింతకు అది పెడితేనే పాలు పడతాయని ఆవిడ నమ్మకం. పెట్టనివ్వండి, బలమైన తిండే కదా. మాటిమాటికీ పట్టిస్తేనే పాలు ఊరతాయన్నది కూడా గుర్తుంటే చాలు.

నిన్న చెల్లెలు, మరిది పాలసీ నెట్‌వర్క్‌లో ఉన్న రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసిందట. ఒకచోట లాక్టేషన్ కౌన్సెలర్ ఉన్నారు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, ఫీజు విడిగా. ఇంకోచోట ఆ పేరుతో ఎవరూ లేరు కానీ నైట్ డ్యూటీ సిస్టర్లకు పట్టించడం నేర్పించారు, బిల్లు వేయరు. రెండో దానికి పేరు రాయించుకుంది.

"పిల్లలు ఏడ్చేది రాత్రిళ్ళే కదక్కా" అంది.